కౌజు పిట్టల రైఫిల్

మా బీరువా తలుపు తీస్తే మడత బట్టల మధ్య నుంచి పాత పసుపు, ఆముదం, తుప్పు కలిసిన వాసన వస్తుంది. "ఇనుప పెనానికి పెండ్లిగిట్ల జేసినవా ఏంది?" అని మా ఆవిడ ముక్కు మూసుకుంటుంది. పై అరలో, క్యాలెండర్ కాయితంలో పొట్లం కట్టి దాచిన చిటికెడు పొడి అది. మా తాత వేటలో నా వాటాకు వచ్చింది అంతే.

మాది కోదాడ పక్కన చిలుకూరు. మా ఇంటి నడవలో, గోడకు కొట్టిన రెండు కొయ్యల మీద ఒక రైఫిల్ ఉండేది. చిరుతపులిని కొట్టినందుకు ఎవరో దొర దాన్ని తాతకు బహుమానంగా ఇచ్చాడని ఊరంతా అనుకునేది. ఊరికి ఆ మాట చెప్పింది కూడా తాతే. వానలు వెనుకబట్టి, జొన్న చేలు కంకి పట్టి, గట్ల మీద తంగేడు పూసే రోజుల్లో, పొద్దు వాలేముందు ఆయన ఖాకీ నిక్కరు తొడుక్కొని, మీసానికి ఆముదం రాసుకొని, రైఫిల్ భుజాన వేసుకొని తుమ్మచెట్ల దిక్కు నడిచేవాడు. మేం వెంటపడితే "మనిషి వాసన తగుల్తె పిట్ట లేస్తది, ఉరుకుండ్రి ఇంటికి" అని తరిమేవాడు. మేం వాకిట్లో గోలీలాడుతూ చెవులు అటే పడేసేవాళ్లం. పేలిన చప్పుడు ఎన్నడూ వినబడలేదు. చాలా దూరం పోయి ఉంటాడని మాకు మేమే సర్దిచెప్పుకునేవాళ్లం. దీపాలు పెట్టే వేళకు మాత్రం ఆయన తువ్వాలలో నాలుగైదు కౌజు పిట్టలు వచ్చేవి.

నాయనమ్మ పెరట్లో కూర్చొని వాటి ఈకలు పీకి, మంట మీద కమురు వాసన వచ్చేలా కాల్చి, ఎండుమిరపకాయలు, ధనియాలు, ఎండుకొబ్బరి రోట్లో నూరి మట్టిచట్టిలో వండేది. వేడి జొన్నరొట్టె మీద ఆ కూర వడ్డిస్తూ ప్రతిసారీ ఒకటే మాట.

"గుండు సూసుకొని తినుండ్రి పిల్లలూ, పండ్లిరుగుతయి!"

మేం కొంచెం భయంగా, ఎక్కువ ఆశగా, ఒక్కో ముక్కనూ నాలుకతో తడిమి తడిమి తినేవాళ్లం. ఒక్కరి పంటికీ ఒక్క గుండూ తగల్లేదు. "నా గురి గట్లుంటది. గుండు గీడ తగిల్తె గాడ ఎల్తది" అని తాత మీసం దువ్వేవాడు. నాయనమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. పొయ్యి పొగకు అనుకున్నాను.

దసరా నాడు ఆ రైఫిల్ నాగలి పక్కన, కొడవళ్ల పక్కన పూజకు దిగేది. తాత దాన్ని మూతి పైకి పెట్టి నిటారుగా పట్టుకుంటే, నాయనమ్మ కుంకుమ బొట్లు పెట్టి, ఆముదంలో కలిపిన పసుపూ, కొట్టిన కొబ్బరికాయ నీళ్లూ గొట్టం నోట్లో పోసేది. "ఏడాదంత మన కడుపు నింపింది, దీని కడుపు సల్లగుండొద్దా?" అనేది. తాత కళ్లు మూసుకొని కదలకుండా నిలబడేవాడు.

ఏడో తరగతిలో బడి మానేశాను. "ఏం జేస్తవ్‌రా ఇగ?" అని లెక్కల సారు అడిగితే "వేటకు పోత సార్" అన్నాను. నేను చూసిన వాళ్లలో గురి తప్పకుండా కొట్టింది మా తాత ఒక్కడే. అడవికి పోవాల్సినవాణ్ణి మెకానిక్‌నై ట్రాక్టర్ల కిందికి పోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అయినా మా షెడ్డుకు వచ్చిన ప్రతి రైతుకూ చిరుత కథ చెప్పాను. చెప్పినప్పుడల్లా చిరుత ఒక జానెడు పెరిగింది.

తాత తర్వాత రైఫిల్ నాన్నకు వచ్చింది. ఎన్నికలప్పుడల్లా స్టేషన్లో జమ చేయడం, అయిపోయాక తెచ్చి కొయ్యలకు పెట్టడం తప్ప ఆయన దాన్ని ముట్టలేదు. నిరుడు నాన్న పోయాక, లైసెన్సు నా పేరుకు మార్పించుకోవాలి, లేకుంటే రైఫిల్‌ను సర్కారుకు అప్పగించాలి అని స్టేషన్లో అన్నారు. అప్పగించడానికి చేతులు రాలేదు. దాని చరిత్ర, విలువ తెలిసినవాళ్లెవరైనా మా తాత నిజంగా వేటగాడేనని చెబితే చాలనిపించింది. అనుమతి కాయితం పట్టుకొని, మిర్యాలగూడలో తుపాకులు బాగుచేసే ఒక ముసలి సాబు దగ్గరికి పోయాను.

సాబు అద్దాలు తుడుచుకొని, ఇనుము మీది అక్షరాలను వేలితో తడిమాడు. "ఇంగ్లండు మాల్. మంచిగ ఉంచితే మస్తు విలువుంటది" అన్నాడు. నా ఛాతీ పొంగింది. తర్వాత గొట్టంలోకి టార్చి కొట్టి ఆగిపోయాడు. సన్నని చువ్వతో గీకితే పసుప్పచ్చని పెంకులు రాలాయి.

"ఏం వోసిండ్రు దీంట్ల?"

"పసుపు, ఆముదం, కొబ్బరినీళ్లు. దసరా పూజకు."

"యా అల్లా! పూజ జేసిండ్రా, పులుసు వెట్టిండ్రా?" నవ్వు ఆగాక అడిగాడు. "మీ తాత దీంతోని ఏం గొట్టెటోడు?"

"కౌజు పిట్టల్ని."

సాబు రైఫిల్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "బేటా, ఇది అడవి పందిని గొట్టేది. పిట్టకు తగిల్తె కూరకు ఈకలు గూడ మిగలయి. ఇగ వేటకు వోయెటోడు గొట్టంల నీళ్లు వోస్తుంటె ఊకుంటడా? జర సోంచాయించు."

సోంచాయించలేక, సూర్యాపేటలో ఉన్న మా మేనత్త ఇంటికి పోయాను. నాన్నకు అక్క, ఆ ఇంటి సంగతులు ఎరిగినవాళ్లలో మిగిలింది ఆమే.

"అత్తా, తాత పిట్టల్ని కొట్టలేదంట గదా?"

"గిన్నేండ్లకు తెలిసిందారా నీకు? ఉచ్చులేసెటోళ్ల కాడ కొనుక్కొచ్చెటోడు. నెత్తురు సూస్తె కండ్లు తిరిగేటియి మా నాయినకు."

"మరి చిరుత?"

"ఎక్కడి చిరుత! ఎడ్ల జత ఇచ్చి దొర కాడ తెచ్చుకున్నడు ఆ తుపాకి. మీ నాయనమ్మ నెల దినాలు మాట్లాడలె."

"నాయనమ్మకు తెల్సా?"

"ఈకలు పీకింది ఆమెనే గదరా. ఒక్క పిట్టకన్న తూటు కనవడ్డదా? కాళ్లకు ఉచ్చు గీట్లుండేటియి. నేను నోరు తెరవబోతె గిల్లింది. 'ఆయన మురుస్తుండు, పోరగాండ్లు మురుస్తుండ్రు. నీకేం నొస్తుందే?' అన్నది."

అత్త నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. నాకు నాలుకతో తడిమి తిన్న ముక్కలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

రైఫిల్ కోసం తిరిగి పోయినప్పుడు, గొట్టం కడగమంటావా అని సాబు అడిగితే వద్దన్నాను. రాలిన పెంకులు మాత్రం పొట్లం కట్టించుకొని, రైఫిల్‌ను స్టేషన్లో అప్పగించి వచ్చాను. నడవ గోడకు కొయ్యలు రెండూ అట్లాగే ఉన్నాయి, ఇప్పుడు వాటికి గొడుగు తగిలిస్తున్నాం. తాత పోయిన తుమ్మచెట్ల దిక్కు ప్లాట్లయింది. పొద్దు వాలాక కౌజు పిట్ట కూత విని ఎన్నేళ్లయిందో లెక్కలేదు.

మొన్న ఆదివారం కోదాడలో కిలో బ్రాయిలర్ కోడి కొట్టించుకొచ్చాను. మనవరాలికి వడ్డిస్తుంటే నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది.

"గుండు సూసుకొని తిను బిడ్డా, పండ్లిరుగుతయి."

పిల్ల కళ్లు పెద్దవి చేసి, ఒక్కో ముక్కనూ నాలుకతో తడిమింది. "తాతా, ఒక్కటి గూడ లేదు!"

"నా గురి గట్లుంటది" అన్నాను.

మా ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. మా ఇంట్లో ఉన్నది గ్యాస్ పొయ్యి.