డాక్టరమ్మ చెప్పమన్న మాట

మొన్న డుంబ్రిగుడ సంతలో పిప్పళ్ల ఘాటు ముక్కుకు తగలగానే కామేశ్వరి డాక్టరమ్మ గుర్తొచ్చింది. నెలకోసారి విశాఖపట్నం నుంచి మా కొండలకు వచ్చే ఆవిడ, తిరిగి వెళ్తూ గుప్పెడు పిప్పళ్లు కొని తెల్లకోటు జేబులో పోసుకునేది. "మందుల వాసన కంటే ఇదే నయం" అనేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడకు చెప్పుకోవలసిన క్షమాపణ ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది.

ఆవిడ నరాల డాక్టరు. ఉద్యోగ జీవితమంతా ఒకే జబ్బు వెంట తిరిగింది. మోటార్ న్యూరాన్ జబ్బు అంటారు దాన్ని. కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి సన్నబడుతుంది, కాలు ఈడుస్తుంది, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరీ అందదు. చాలామందిలో తెలివి మాత్రం చెక్కుచెదరదు. నయం చేసే మందు లేదు. అది మా కొండల్లో ఎవరెవరికి వస్తోందో, ఎందుకు వస్తోందో తెలుసుకోవాలని ఆవిడ ఊరూరూ తిరిగేది. నేను హుకుంపేట వైపు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తను. మా పెద్దవాళ్లకు తెలుగు అంతంతమాత్రం కాబట్టి, ఆవిడ మాటను మా కొండ ఒడియాలో చెప్పడం నా పని. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. ఆ నోరే ఆవిడకు నచ్చింది.

ఆవిడ పరీక్ష చేసే తీరు వేరు. మోకాలి మీద తట్టి చూసే సుత్తిని సంచిలోంచి తీయకముందే అడ్డాకులు, ఈనెపుల్లలు ముందు పెట్టి విస్తరి కుట్టమనేది. "మనిషి దాచినా చెయ్యి దాచదు రాజులమ్మా" అనేది. తర్వాత నోరు తెరిపించి టార్చి వేసేది. కదలకుండా ఉండాల్సిన నాలుక, కాగే గంజి పైపొరలా సన్నగా మెదులుతూ కనిపిస్తే, అది ఆ జబ్బు గుర్తే. టార్చి ఆర్పేసేది. ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేసేది. ముందు రోగికి, తర్వాతే ఇంట్లోవాళ్లకు. ఆ పద్ధతి నాకు మొదట్లో మరీ కటువుగా అనిపించేది.

బుద్రన్న కాఫీ రైతు, నాకు వరసకు అన్న. ఆ రోజు విస్తరికి పుల్ల గుచ్చలేకపోయాడు. డాక్టరమ్మ అతని నాలుక చూసి నా వైపు తిరిగింది.

"చెప్పు రాజులమ్మా. ఇది తగ్గదు. కొన్ని నెలల్లో మాట పోవచ్చు. చెప్పుకోవాల్సినవేవైనా ఉంటే ఇప్పుడే చెప్పుకోమను."

నేను బుద్రన్న ముఖంలోకి చూశాను. మా మాటలో "ఏటీ కాదన్నా. నరాల నీరసమంట. మెల్లగా తగ్గిపోద్దంట" అన్నాను.

బుద్రన్న నవ్వాడు. "అయితే కొత్తల పండగ దాకా ఆగుతాను. సెయ్యి బాగయ్యాక తమ్ముడితో తగువు తీర్సుకుని, కలిసి కూకుని తింటాం."

"నవ్వుతున్నాడేం?" అంది డాక్టరమ్మ.

"ధైర్యం గల మనిషి మేడం" అన్నాను.

తోట గట్టు దగ్గర మొదలైన గొడవతో ఆ అన్నదమ్ములకు ఏళ్లుగా మాటల్లేవు. మా ఊళ్లో తగువు పడ్డవాళ్లు మళ్లీ కలవాలంటే పెద్దల ముందు ఎవరి తప్పు వాళ్లు తమ నోటితోనే ఒప్పుకోవాలి. ఇంకొకరు చెబితే చెల్లదు. పెద్దలు ఏ రోజు పిలిచినా కూర్చుంటారు. అయితే కొత్త పంట తొలిసారి వండుకునే కొత్తల పండగనాడైతే కలిసి భోజనం కూడా అవుతుందని బుద్రన్న ఆశ. తీరా ఆ రోజు వచ్చేసరికి అతని నోట అరుపు తప్ప మాట లేదు. భార్య పట్టుకుని కూర్చోబెట్టింది. పెద్దలు చాలాసేపు ఎదురుచూశారు. తమ్ముడు తల ఎత్తలేదు. ఇద్దరూ వేరువేరు వరసల్లోనే తిన్నారు. నేను అక్కడే ఉన్నాను.

తర్వాతి నెల ఆ ఊరి వంతు మళ్లీ వచ్చింది. డాక్టరమ్మతో కలిసి బుద్రన్న ఇంటికి వెళ్తే, అతని భార్య వచ్చీరాని తెలుగులో అడిగింది. "తగ్గిపోద్దని సెప్పినారు గదమ్మా?" తమ్ముడి సంగతి కూడా చెప్పుకుంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. జీపు దగ్గరికి వచ్చాక అంది.

"ఇన్నేళ్లుగా మందు వెతుకుతున్నాను. దొరకలేదు. వీళ్లకు నేను ఇవ్వగలిగింది ముందుగా చెప్పడం ఒక్కటే. అదీ నువ్వు ఇవ్వనివ్వలేదు."

"జాలేసింది మేడం."

"నీ జాలికి అతను తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు." మళ్లీ తనే అంది. "తప్పు నాది కూడా. ఇన్నాళ్లు తిరిగి మీ మాట నేర్చుకోలేదు."

నన్ను మాన్పించేస్తుందనుకున్నాను. పై నెల నోటుపుస్తకంతో వచ్చి, నన్నే నేర్పమంది. మొట్టమొదట అడిగిన వాక్యం "ఇది తగ్గదు". సిగ్గుతో చచ్చిపోతూ నేర్పాను. వానలు పడకముందే బుద్రన్న పోయాడు. డాక్టరమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు. క్షమించమని అడగడానికి నేను నెలనెలా వచ్చే నెల అనుకుంటూ ఉండిపోయాను.

ఇప్పుడు వేరే డాక్టర్లు వస్తున్నారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే చెబుతాను. ఆ తర్వాత రోగినే అడుగుతాను. మొన్న ఒకామెకు అదే జబ్బని తేలింది. అంతా చెప్పి, "నీకేటి అర్థమయిందో నాకు తిరిగి సెప్పు" అన్నాను. చెప్పింది, ఏడ్చింది, నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"మాట ఎన్నాళ్లుంటాది?"

"కొన్ని నెలలంట."

"అయితే బేగి పోవాల. మా అక్కతో మాటాడాల" అని లేచి, కొండదారి పట్టి వెళ్లిపోయింది.

నేను చెప్పి ఉంటే బుద్రన్న కూడా ఆ రోజే అలా లేచి వెళ్లేవాడు.