కల్లంలో అన్నయ్య కర్ర దించినప్పుడు

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. ఆనక మాత్రం “కల కనుంటావులే” అనొద్దు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది. నేను మేలుకునే ఉన్నాను... కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

ముందు నా తప్పు చెప్పాలి. మా అన్నయ్య మస్తాన్‌కి మతిస్థిమితం లేదు. గుంటూరు డాక్టరు గారిచ్చిన మాత్రలు వేసుకుంటే మామూలుగానే ఉండేవాడు. కాకపోతే మొద్దునిద్ర. ఆ ఏడు మిరపకాయలకి రేటు బాగుంది. కల్లంలో కాయలు ఎండుతున్నాయి, దొంగల భయం, రాత్రి కాపలాకి మనిషి కావాలి. నిద్రపోయేవాడు కాపలా ఏం కాస్తాడు? అందుకని మాత్రలు ఆపించాను. వారం దాటింది. ఆ సాయంత్రం తనే అడిగాడు.

“మాత్ర ఇవ్వరా బాషా. చెవిలో గోల ఎక్కువైంది.”

“కాయలు అమ్మాక వేసుకుందువులే. ఇప్పుడు పడుకుంటే ఎలా?”

కాయలు ఏరుతున్న కూలీల్లో ఒకామె అందుకుంది. “గోల ఎవరిది మస్తానూ? పుట్టింటికి పోయిన మీ ఆవిడదా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య నా ఒక్కడివైపే చూశాడు.

రాత్రి కుప్పల మీద పట్టాలు కప్పి, అనుమానంతో నేనూ అక్కడే మంచం వాల్చుకున్నాను. కాపలావాడికి కాపలా అన్నమాట! అన్నయ్య కర్ర పట్టుకుని తిరుగుతూ గొణుగుతున్నాడు.

“వాడొచ్చాడు... అదిగో...”

“ఎవడూ లేడు, నోరు ముయ్యి!” ఎన్నిసార్లు అరిచానో. చివరికి ముసుగు తన్ని పడుకున్నాను.

మెలకువ వచ్చింది. చప్పుడు...

ఎండుకాయలు కాలి కింద నలిగితే ఎలా ఉంటుందో తెలుసుగా? గలగల... ఆగింది. మళ్లీ గలగల... నా వీపు వెనకనుంచి. నెమ్మదిగా, మనిషి అడుగులేసినట్టు. ఘాటు ముక్కుకి తగిలింది. దగ్గు రాబోయింది... ఆపుకున్నాను.

అన్నయ్యే అనుకుని, ముసుగు తీసి తిట్టబోయాను. కానీ అన్నయ్య నాకు ఎదురుగా ఉన్నాడు. మట్టినేల మీద, కర్ర ఎత్తి, కదలకుండా. వెన్నెల్లో కళ్లు కనపడుతున్నాయి. నన్ను కాదు... నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు.

“కదలకురా.”

“అన్నయ్యా... కర్ర దించు.”

గలగల... ఇంకా దగ్గరగా. మెడ మీద వెచ్చగా ఏదో... ఊపిరా? గాలా?

కర్ర దిగింది. నా చెవి పక్కన మంచం పట్టె ఫట్‌మంది. కింద పడి కేక పెట్టాను. “చంపేస్తున్నాడు!”

పక్క కల్లంలోని వెంకటేశ్వర్లు, ఇద్దరు మనుషులూ పరుగెత్తుకొచ్చారు. పట్టాకి కట్టే తాడుతోనే అన్నయ్యని గుంజకి కట్టేశారు. తను ఎదురుతిరగలేదు. “తమ్ముడికి తగల్లేదుగా?” అదొక్కటే అడిగాడు.

వెంకటేశ్వర్లు టార్చి వేశాడు. నా మంచం వెనక కుప్ప మీద పట్టా లేచి ఉంది. అక్కణ్ణుంచి మంచం దాకా కాయలు వరసగా నలిగి ఉన్నాయి.

“కుక్కేమోలేరా,” అన్నాడు.

“ఇంత ఘాటులోకి కుక్కొస్తుందా?” అన్నాను.

“అయితే దొంగ.”

“మరి పారిపోయిన చప్పుడు విన్నావా?”

వినలేదు. ఎవరూ వినలేదు. ఒక్క కాయ కూడా పోలేదు.

తెల్లారేసరికి ఊరంతా తీర్పు చెప్పేసింది. గొలుసేసి గొడ్ల కొట్టంలో కట్టెయ్యాలట. “చంపేస్తున్నాడని నువ్వేగా అరిచింది!” అంటారు. నిజమే, ఆ కేక నాదే. కూలీలందరి ముందూ నేనే తాడు విప్పాను.

“మాత్రలు ఆపింది నేను. నిద్ర లేకుండా చేసింది నేను. మీతో కలిసి నవ్వింది నేను. కట్టేస్తే నన్ను కట్టేయండి.”

“వీడికీ పట్టిందిరా,” అన్నాడొకడు. వాళ్లతో ఏం వాదిస్తాం?

మొదటి బస్సుకే గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరు గారు నా మీద మండిపడ్డారు. “మందు మానిపించి, నిద్ర మానిపించి, పదిమందిలో నవ్వులపాలు చేసి, చీకట్లో చేతికి కర్రిచ్చారు. ఇప్పుడొచ్చి జబ్బు ముదిరిందంటే ఎలాగండీ?”

అన్నయ్య నెమ్మదించాక అడిగాను, ఆ దెబ్బ ఎవరికని. “తెలీదురా. నీ వెనక ఉన్నాడు,” అన్నాడు. దొంగో, తన భ్రమో, లేక ఆ నవ్వుకి నామీదకే లేచిన కర్రో... నాకు ఈ రోజుకీ తెలియదు.

రోజూ మాత్ర నా చేత్తోనే ఇచ్చాను. కూలీలు నవ్వబోతే పని ఆపించాను. ఇద్దరు అలిగి మానేశారు కూడా. రాత్రుళ్లు అన్నయ్య క్యారేజీ తెచ్చి, నా మొహం చూసి నవ్వేవాడు. “భయమైతే ఇంటికి పోరా, నేనుంటా.”

“వద్దులే అన్నయ్యా. నువ్వెళ్లి పడుకో.”

కాయలు అమ్మేదాకా కాపలా నేనే కాశాను. కూర్చునే... నడుం వాల్చకుండా.