జిగురు ఆరేదాకా

పాత కుర్చీ రాగానే వడ్రంగి తాత ముందు దాన్ని బోర్లించి, కాళ్లు ఒక్కొక్కటీ కదిపి చూస్తాడు. మేకు కొట్టడం ఆయనకు నామోషీ. కీళ్లు విప్పి, పాత జిగురు గీకి, కొత్తది పూసి అతికిస్తాడు. పొద్దుగూకేదాకా గీకినా, ఏం చేస్తున్నావని అడిగే దిక్కుండదు. మొన్న ఒకావిడ, తన తండ్రి వాడిన టేకు కుర్చీ పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికి వచ్చింది. "కొత్తది కొనమని ఇంట్లో ఒకటే పోరు తాతా!" "కొత్తదాంట్లో ఏముందమ్మా, రంపంపొట్టు తప్ప! ఇదిగో, జిగురు పూశాను, ఈ కాలు కాస్త నొక్కి పట్టుకో."

ఆమె పట్టుకుని, అత్తగారి మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి ఇంటి కథంతా చెప్పింది. ఆయన ఊఁ కొడుతూ కూర్చున్నాడు. అరగంటయ్యాక "ఇక వదలనా తాతా?" అంది. "ఇంకాసేపమ్మా, ఆరనీ." ఆమె చూపు ఆయన వెనక గోడమీద పడింది. జిగురు ఆరేదాకా కాళ్లను బిగించి ఉంచే ఇనుప క్లాంపులు అక్కడ వరసగా వేలాడుతున్నాయి. తాత తల దించుకున్నాడు. ఆమె చేయి మార్చి పట్టుకుంది.