మూడు మూలల మీద నిలబడ్డ సింక్

2011. నాచారం నుంచి ఉప్పల్ పోయే దారికి లోపలగా, కొత్త ప్లాట్లలో ఇళ్లు వరసగా లేస్తున్న కాలం. పొద్దున్నే ఇవాళ బంద్ ఉందా లేదా అని కనుక్కుని పనికి బయలుదేరేవాళ్లం. నేను ప్లంబర్‌ని, పేరు ప్రభుదాస్. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి మౌలాలిలో స్థిరపడ్డవాణ్ణి. కట్టే ఇంట్లో నీళ్ల కన్నా ముందు అనుమానం పారుతుంది. పైపు కారితే ప్లంబర్ దొంగ, గోడ చెమ్మెక్కితే మేస్త్రీ దొంగ, మోటారు కాలితే కరెంటు పనివాడు దొంగ. ఇన్నేళ్లు ఆ గాలి పీల్చి పీల్చి నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఎవరు ఏం చెప్పినా సగమే నమ్ముతాను.

ఆ ఇంటి యజమాని శ్రీనివాసరావు గారు తెనాలి వైపు మనిషి, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. భార్య అనురాధ గారు, తల్లి సీతమ్మ గారు. ఆ పెద్దావిడ రోజూ కొడుకుతో వచ్చి, హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పని చూస్తూ కూర్చునేవారు. ఇల్లు కట్టింది యాదగిరి మేస్త్రీ. అతన్ని వాళ్లకు చూపించింది నేనే. "మాట తప్పడు, గోడ తప్పడు" అని నా నోటితో హామీ ఇచ్చాను.

గృహప్రవేశం దగ్గర పడ్డాక సింక్ వచ్చింది. మామూలు స్టీలుది కాదు, ఫైర్‌క్లే సింక్. అంటే మట్టిని కాల్చి, పైన తెల్లటి గాజు పూత పూసింది. స్టీలు సింక్‌ను చంకలో పెట్టుకుని మెట్లెక్కవచ్చు. దీన్ని ఇద్దరు పట్టుకుని, మధ్యలో ఒకసారి దించి ఊపిరి పీల్చుకోవాలి. రాణిగంజ్‌లో చూసి అనురాధ గారు ముచ్చటపడ్డారట. ఇంటి మొత్తంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

నేనూ శ్రీనివాసరావు గారూ కలిసి దాన్ని ఎత్తి వంటింటి గట్టు మీది కోతలో దించాం. చెయ్యి తీయగానే టక్కుమని ఒక మూల కుంటింది. ఆ మూల నొక్కితే ఎదుటి మూల లేచింది. కుంటి కుర్చీలా ఊగుతోంది.

"వంకర సింక్ అంటగట్టాడా షాపువాడు?" అన్నారాయన.

సరే, అనుమానం తీరాలి కదా. మళ్లీ ఎత్తి, హాల్లో కొత్త టైల్స్ మీద గుడ్డ పరిచి బోర్లించాం. ఎక్కడా కదల్లేదు. సింక్‌లో దోషం లేదు. ఆయన చూపు నెమ్మదిగా నా మీదికి తిరిగింది.

"అయితే నీ కోతలోనే ఏదో తేడా ఉందయ్యా."

"కోత నాది గాదు సార్, గ్రానైట్ వాళ్లది. నేను సింక్ పెట్టేటోణ్ణి."

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఏది చెడినా ముందు దొరికేది ప్లంబరే. ఒళ్లు మండింది. స్పిరిట్ లెవెల్ తీశాను. మేస్త్రీలు దాన్నే రసమట్టం అంటారు, గాజు గొట్టంలో బుడగ మధ్యలో నిలిస్తే చదును అని లెక్క. ఆ గట్టు మీద రెండు రాళ్లు ఉన్నాయి. పొయ్యి వైపు ఒకటి, గిన్నెలు బోర్లించే వైపు ఒకటి. రెండూ సింక్ కోత దగ్గర కలుస్తాయి. గిన్నెల వైపు రాయి అద్దంలా ఉంది. పొయ్యి వైపు రాయి మీద పెడితే బుడగ మా వైపు పరుగెత్తుకొచ్చింది. అంటే ఆ రాయి వెనక్కి, గోడ వైపుకు వాలి ఉంది. సింక్ అంచు సగం ఒక రాయి మీద, సగం ఇంకో రాయి మీద కూర్చోవాలి గనుక మూడు మూలలే ఆనుతున్నాయి.

కింద సన్నటి ముక్క పెట్టి, సిలికాన్ జిగురు పూసేస్తే పైకి ఏమీ కనబడదు. అలా చేసి పోయేవాళ్లు ఉన్నారు. కానీ ఆ బరువుకు నీళ్ల బరువు తోడైతే ఏదో ఒకనాడు మూల పగులుతుంది. పైగా గోడ వైపు వాలిన గట్టు మీద నీళ్లు వెనక నిలిచి అతుకులోకి దిగుతాయి. ఆ మాటే చెప్పాను. రాయి లేపి మళ్లీ వేయాల్సిందే అన్నాను.

శ్రీనివాసరావు గారి మొహం ఎర్రబడింది. "మేం ఆంధ్రావాళ్లమనేగా మీరంతా కూడబలుక్కుని ఇలా చేశారు?"

ఆ రోజుల్లో ఆ మాట ఎక్కడ చూసినా నాలుక చివరే ఉండేది. అయినా నాకు తగలాల్సిన చోటే తగిలింది. "జర ఆలోచించి మాట్లాడున్రి సార్. మిమ్మల్ని గట్ల జూస్తే, ఈ వంకర నేనెందుకు జూపిస్త?" అన్నాను.

పైకి అలా అన్నాను గానీ, గ్రానైట్ వాళ్లు కోసిచ్చిన రాళ్లను గట్టు మీద పరిచింది యాదగిరే గనుక లోపల నాకూ అతని మీద అనుమానం పుట్టింది. నూలు పోగంత తేడా ఉంటే ఇటుక ఊడబీకే మనిషి. గట్టు రాయి సింక్ వైపు వాలాలని అతనికి ఒకరు నేర్పాలా? తాగి వేశాడా? ఇంకో చోట పని ఒప్పుకుని తొందరపడ్డాడా? ఫోన్ చేసి రమ్మన్నాను. పక్క వీధిలోనే ఉన్నాడు, వచ్చాడు.

వచ్చినవాడు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సింక్ వైపు చూడలేదు, రాయి వైపు చూడలేదు. నేల చూస్తున్నాడు.

"ఏంది యాదగిరీ, గీ రాయి ఎన్కకు వాలింది?"

"ఏమో అన్నా. కిందికి దిగిందేమో."

గ్రానైట్ రాయి తనంతట తాను గోడ వైపుకే దిగుతుందట! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అతని వాలకం. ఆ క్షణాన నాకు సిగ్గు, కోపం రెండూ కలిగాయి. వీడికా నేను హామీ పడింది అనుకున్నాను.

శ్రీనివాసరావు గారు ఇక ఆగలేదు. "రాయి పగలగొట్టి తీసి, కొత్తది వేసి వెళ్లిపో. గృహప్రవేశానికి మాత్రం రావద్దు. నీకు బట్టలు పెట్టేది లేదు."

బయటివాళ్లకు ఇది చిన్న మాటలా ఉండొచ్చు. ఇల్లు కట్టిన మేస్త్రీని గృహప్రవేశం రోజు నలుగురి ముందు కూర్చోబెట్టి కొత్త బట్టలు పెడతారు. పెట్టలేదంటే వాడు మోసం చేశాడని కాలనీ మొత్తానికి చాటినట్టే. ఆ వీధిలో ఇంకా కట్టాల్సిన ప్లాట్లు ఉన్నాయి. ఒక్కటి కూడా యాదగిరికి దక్కదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా సుత్తి, ఉలి చేతికి తీసుకున్నాడు. తప్పు చేసినవాడు ఇంతసేపటికి పది సాకులు చెప్పాలి. ఇతను ఒక్కటీ చెప్పడం లేదు. నా అనుమానం అక్కడ మొదటిసారి దారి మార్చుకుంది.

"పగలగొట్టకు బాబూ."

వెనక్కి తిరిగి చూస్తే సీతమ్మ గారు. కుర్చీలోంచి లేచి గోడ పట్టుకుని వచ్చారు. "ఆ రాయిని అలా పెట్టమన్నది నేనే."

"నువ్వా? ఎందుకమ్మా?" అన్నారు కొడుకు.

"పాలు తూర్పుకి పొంగాలని."

నాకు అప్పుడు వెలిగింది. వంట చేసే మనిషి తూర్పు మొహంగా నిలబడాలని గట్టును తూర్పు గోడకు కట్టించారు. రాయి వెనక్కి వాలితే పొయ్యి వాలుతుంది, గిన్నె వాలుతుంది, పాలు తూర్పుకే పొంగుతాయి. మా ఇళ్లలో గృహప్రవేశమంటే పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేస్తారు. పాలు ఎటు పొంగాయో చూసే అలవాటు లేదు. నా బుర్ర అటు పోకపోవడానికి అదే కారణం.

ఆవిడ చెప్పుకుపోతున్నారు. "లాలాపేట్‌లో అద్దెకు దిగినప్పుడు అనురాధ కొత్త కోడలు. పాలు పొంగించమంటే ఇటువైపుకి, తన మీదికే పొంగాయి. ఆ ఏడే మీ నాన్న పోయారు. మనవాళ్లు ఈ పిల్లని ఏమన్నారో నీకు తెలుసు."

"ఎప్పటి మాటలమ్మా అవి..."

"అన్నవాళ్లలో నేనూ ఉన్నాన్రా. అందరికన్నా ముందు అన్నది నేనే. ఇప్పుడు వాళ్లంతా మళ్లీ వస్తున్నారు. వాళ్ల కళ్ల ముందే తూర్పుకి పొంగితే దీని మీద మాట పోతుందనుకున్నా. ఎవరికీ చెప్పనని ఇతనితో ఒట్టు వేయించుకున్నా. ఇతన్ని ఏమీ అనకు."

ఆ మాటలు అనురాధ గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఎప్పుడు వచ్చారో ఎవరమూ చూడలేదు.

"ఇంత పెద్ద రాయిని వంచే బదులు నాతో ఒక్క మాట అంటే, పొయ్యి కాళ్ల కింద రెండు అట్టముక్కలు పెట్టేదాన్ని కదా అత్తయ్యా" అన్నారు. అని నవ్వబోయి ఏడ్చేశారు.

యాదగిరి రాయిని పగలగొట్టలేదు. అంచు కింద నెమ్మదిగా ఉలి పెట్టి లేపి, సిమెంటు సరిచేసి, సింక్ వైపుకు వాలు ఇచ్చి వేశాడు. అది ఆరాక ఇద్దరం సింక్ దించాం. చెయ్యి తీశాం. కదల్లేదు.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. పొయ్యి కాళ్ల కింద పెట్టడానికి నేను ప్లాస్టిక్ ముక్కలు రెండు చెక్కి ఇచ్చాను. సీతమ్మ గారు వాటిని చూసి "వద్దులే ప్రభుదాసూ" అని పక్కన పెట్టేశారు. చుట్టాలంతా వంటింట్లో మెడలు చాపి నిలబడ్డారు. అనురాధ గారు పొయ్యి వెలిగించి పాలగిన్నె పెట్టారు. పాలు పొంగాయి. పొంగి, ఇటువైపుకి, ఆమె చీర కుచ్చిళ్ల మీదికే కారాయి.

వెనకనుంచి ఎవరో ముసలావిడ అడిగింది. "ఎటు పొంగాయే సీతమ్మా?"

"నా కోడలి వైపు పొంగాయి" అన్నారు సీతమ్మ గారు, ఇల్లంతా వినబడేలా. "ఈ ఇంటికి అంతకన్నా మంచి దిక్కు ఇంకేముంది?"

తర్వాత శ్రీనివాసరావు గారు యాదగిరిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. "తప్పుగా అనుకున్నాను మేస్త్రీ" అన్నారు, అందరి ముందే. యాదగిరి "పోనీయున్రి సార్" అన్నాడు.

అనుమానం నేనింకా మానలేదు. ప్లంబర్ అది మానితే ఇళ్లు మునుగుతాయి. కానీ ఎక్కడైనా వంకర కనిపిస్తే "గిది ఎవడు జెడగొట్టిండు?" అని మొదలుపెట్టడం మానేశాను. "గిట్ల ఉండాలని ఈ ఇంట్ల ఎవరు కోరుకున్నరు?" అని ముందు అడుగుతాను. చాలా ఇళ్లలో ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచి వస్తారు.