మగ్గం గుంతలో పిల్లికూన

మూడు రోజులుగా మా ఆదోని ఇంట్లో మల్లెపూల వాసన వస్తోంది. ఇంట్లో మల్లెపూలు లేవు. నా కూతురు స్నేహితురాలి ఇంటి నుంచి ఒక పిల్లికూనను తెచ్చుకుంది. దాని అవసరానికి ఒక ప్లాస్టిక్ తట్ట, అందులో పోయడానికి అయిదు కిలోల సంచిలో వచ్చే తెల్లటి గుళికల మట్టి తెప్పించింది, ఆ మట్టికి ముందే మల్లె సెంటు కలిపి పంపుతారట. కూన తన పని చేసుకున్నప్పుడల్లా అడుగున దాని కంపు, ఆ కంపు మీద మల్లెపూలు, రెండూ ఒకదాన్నొకటి కప్పలేక, కలిసికట్టుగా వంటింట్లో నేను పప్పు తాలింపు వేసే చోటికి వస్తాయి. మొదటి రోజు నాలుగుసార్లు, రెండో రోజు అయిదు, నిన్న మళ్లీ నాలుగు. తట్టలో రెండుసార్లయితే, మిగిలినవి సోఫా వెనక.

"అమ్మా, మీ ఎమ్మిగనూరు ఇంట్లో పిల్లి ఉండె అంటావు కదా, దానికెట్ల నేర్పిచ్చినారు?" అని అడిగింది నా కూతురు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని.

"నేర్పీలేదు. లెక్కబెట్టినాం," అన్నాను.

నేను హాస్యమాడుతున్నానని అనుకుంది. హాస్యం నాకు రాదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, పత్తి మిల్లులో తూకాలు చూసే పనిలో ఉన్నదాన్ని. పుంజానికి నూట ఇరవై పోగులంటూ మగ్గం నేసే మా నాయన పడుగు లెక్క, అంటే నిలువు పోగుల లెక్క, గొణుక్కుంటుంటే వినడమే నా గణితం. ఆ పిల్లి సంగతి కూడా లెక్కే.

పాత ఇళ్లను తలుచుకుని కళ్లు తుడుచుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇల్లు రెండు గదులది, అందులో ముందు గదిని మగ్గమే తినేసింది. నేలలో మోకాళ్లకు పైన లోతు వచ్చేలా తవ్విన గుంత, ఆ గుంత గట్టు మీద కూర్చుని ఉత్త కాళ్లు లోపలికి వేలాడేసి కాలి పలకలు తొక్కే నాయన, గోడవారగా రాట్నం ముందు కండెలు చుట్టే అమ్మ, ఆ రెంటికీ మధ్య మిగిలిన సందులో నేను, నా అచ్చనగండ్ల రాళ్లు. నూలుకు పట్టించే గంజి మొదటి రోజు అన్నం వాసన, రెండో రోజు పులుపు, మూడో రోజు చచ్చిన ఎలుక వాసన వచ్చేది. ఉగాదికి అమ్మ ఓళిగలకు శనగపప్పు, బెల్లం కలిపి నూరుతుంటే ఆ తియ్యటి ఆవిరి కూడా గంజి కంపులోంచి దూరి మా దగ్గరికి రావాల్సి వచ్చేది. ఇప్పటికీ ఓళిగ తుంచితే నాకు ముందు పులిసిన నూలే తగులుతుంది. ఎండాకాలం ఆ వాసన ఎండి గోడలకు అంటుకునేది, వానాకాలం తడిసి మళ్లీ లేచేది. వానలకు గుంతలో నీరు ఊరేది కాబట్టి అమ్మ ప్రతి ఏడూ గంపెడు పొడి ఇసుక తెచ్చి అడుగున పరిచేది.

గంజికి ఎలుకలు వచ్చేవి. గంజి పట్టిన నూలు వాటికి అన్నంతో సమానం. ఆ ఏడు రెండు పడుగులు కొరికేశాయి. నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు రెండో పడుగు చూసి, "ఇంకొకటి ఇట్లయితే మల్ల నా గడపకు రావద్దప్పా," అన్నాడట. నాయన ఆ మాట ఇంటికి తెచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గట్టు మీద కూర్చుండిపోయాడు. మగ్గం ఆగిపోతే ఆయనకు చేతనైన పని మరొకటి లేదు. అమ్మే పిల్లి మాట ఎత్తింది.

"పిల్లా? థూ. దాని రోమం కూట్లో పడితే ఎవురు తినల్ల?" అంది అవ్వ, అంటే నాయన తల్లి.

మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ పిల్లిని పెంచలేదు. పెద్దకడుబూరులో మా మేనత్త ఇంట్లో పిల్లి నాలుగు కూనల్ని పెట్టిందని తెలిసి అమ్మా నేనూ బస్సెక్కి పోయాం. కూనకు దారి కనబడితే మళ్లీ తల్లి దగ్గరికి పోతుందని అత్త దాన్ని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, ఇల్లు చేరేదాకా నేల మీద దించొద్దని చెప్పింది. దించలేదు. తిరుగు బస్సులో సంచి నా ఒళ్లోనే ఉంది. సగం దారిలో నా తొడల మీద వెచ్చగా తగిలింది. ముందు ఏమిటో తెలియలేదు, తర్వాత బస్సంతటికీ తెలిసింది.

"ఏముందమ్మే సంచిలో, ఎండుచేపలా?" అన్నాడు కండక్టరు.

"పిల్లి."

"దానికి టికెట్టు వద్దులే గాని, దిగేదాంక ఆ కిటికీ మూయొద్దు. నా మొగం మీదనే పోయినట్ల ఉండాది."

ముందు సీటులోని ముసలాయన లేచి వెనక్కి పోయి నిలబడ్డాడు. నేను ఎమ్మిగనూరు దాకా ఆ తడిలోనే కూర్చున్నాను. అప్పుడు నాకు పదేళ్లు. ఆ పావడ అమ్మ అయిదుసార్లు ఉతికింది, ఆరోసారి నేనే బావి గట్టు మీద వదిలేసి వచ్చాను.

సంచి విప్పితే బయటికి వచ్చింది పిడికెడు బూడిదరంగు ముద్ద. కళ్లకు పుసులు, తోక కింద పసుపు పిసరు, ఒళ్లంతా ఈళ్లు. మెడ దగ్గర ఒక్క చోటే పదిహేడు తీశాను, ఒక్కొక్కటి గోటి కింద చిటుక్కుమంది. పిల్లిని తిట్టిన అవ్వే అందరికంటే ముందు ఆముదం బుడ్డి తెచ్చింది. కొత్త కూనకు నాలుగు కాళ్లకూ ఆముదం రాస్తే, అది నాక్కుంటూ పాత ఇంటి దుమ్మును వదిలించుకుని ఈ ఇంటికి మరుగుతుందని ఆమె నమ్మకం. ఒకసారి రాస్తే చాలదేమోనని ఆ పూట మూడుసార్లు రాసింది. కూన బుద్ధిగా మూడుసార్లూ నాకింది. నెలకొకసారి మా ముక్కులు మూసి, కడుపు కడగడానికి మా నోట్లో పోసేదీ అదే ఆముదమని ఇంట్లో నలుగురిలో ఒక్కరికీ తోచలేదు.

పొద్దు వాలేలోపల పదకొండుసార్లు. జొన్నల మూట మీద, రాట్నం కింద, అవ్వ మడిచిపెట్టుకున్న కోకలో, చాటలో, ఇక చెప్పను. నీళ్లలా ఉండేది, అందులో జీలకర్ర గింజల్లాంటి పురుగులు కదిలేవి. నేనూ అమ్మా బూడిద చల్లి ఎత్తీ ఎత్తీ ఆ పూట అన్నం తినలేదు. ఆ పదకొండులో ఒకటి ఎక్కడుందో దొరకలేదు. మరునాడు తెల్లారి నాయన మగ్గం మీద కూర్చుని కాళ్లు గుంతలో పెట్టినప్పుడు దొరికింది.

ఆయన కాలు పైకి తీసి వేళ్ల సందులు చూసుకున్నాడు. వారం కిందట పరిచిన పొడి ఇసుక, మెత్తగా, చల్లగా. పిల్లికి అంతకంటే మంచి చోటు ఎమ్మిగనూరులో దొరకదు.

"పాపా, ఈ పడుగు దిగేలోపల అది బయటికి పోను నేర్చుకోవల్ల. లేకుంటే వచ్చిన సంచిలోనే పంపిస్తా. ఎలకలు కొరికినా సరే, దీంట్లో కాళ్లు పెట్టి నేను నేయలేను," అన్నాడు.

పడుగు ఎనిమిది చీరలది. చీరకు రెండు రోజులు. నాకు పదహారు రోజులున్నాయి.

ఆ కూనంటే నాకు అప్పటికి ప్రేమ లేదు. దాన్ని ఎత్తుకోవాలంటే చేతికి గుడ్డ చుట్టుకునేదాన్ని. కానీ అది వెళ్లిపోతే ఎలుకలొస్తాయి, ఎలుకలొస్తే మగ్గం పోతుంది, ఆ లెక్క నాకు బాగా తెలుసు. పైగా ఈళ్లు తీసేటప్పుడు అది నా గుడ్డ చుట్టిన చేతిమీదే తల పెట్టి నిద్రపోయింది.

ఇంట్లో గడియారం లేదు. ఉన్నది మగ్గం. అడ్డంగా పేక పోగు పడిన ప్రతిసారీ దాన్ని బిగించే చేతి పలక ఒక దెబ్బ కొడుతుంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే తూకం. ఆముదం బాధ తగ్గాక, కూన పాలబువ్వ తిని మూతి ఎత్తిన క్షణం నుంచి దెబ్బలు లెక్కపెట్టాను. నూరుకొక అచ్చనగండ్ల రాయి పక్కకు జరిపేదాన్ని. మొదటిసారి ఏడు నూర్ల నలభైకి అది గుంత దగ్గరికి పోయి నేల గీరింది. తర్వాత ఆరు నూర్ల తొంభై. తర్వాత ఎనిమిది నూర్ల పది. రెండు రోజులు అలా చూశాను, ఆరు నూర్ల తొంభైకి లోపు ఒక్కసారీ పోలేదు. కాబట్టి ఆరు నూర్ల యాభైకి దాన్ని ఎత్తుకుని పెరట్లో బూడిద కుప్ప మీద పెట్టాలి. కుప్పను అది తన చోటుగా గుర్తుపట్టడానికి, గుంతలో అది పాడుచేసిన ఇసుకనే పెంకు ముక్కతో తీసుకెళ్లి బూడిదలో కలిపాను. ఊపిరి బిగబట్టి చేసినా కంపు నోట్లోకి వచ్చేది, నాలుక మీద నిలిచేది.

లెక్క పనిచేసింది. ఆరు రోజులు గుంత శుభ్రంగా ఉంది. అవ్వ మాత్రం, "దానికి చేసే చాకిరీ మొగునికి చేసినట్ల ఉండాది," అని ఎగతాళి చేసేది.

ఏడో రోజు తెల్లారి చూస్తే వెనక వేలాడే పడుగును ఎలుక కొరికి ఉంది. నలభై మూడు పోగులు. కూనకు ఇంకా ఎలుకను పట్టే ఈడు రాలేదు. నాయన మధ్యాహ్నం దాకా ఎట్లో నెట్టుకొచ్చి, ఇక లాభం లేదని లేచి, పడుగు అవతలి కొస దగ్గర గోడవైపు తిరిగి ఒక్కొక్క పోగే ముడివేస్తున్నాడు. అంతకు ముందే కూన తినేసింది. నా లెక్క మూడు నూర్ల పన్నెండు దగ్గర ఉంది. మగ్గం ఆగింది. నేనూ ఆగాను.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు. మూడు రాళ్లు జరిపి, నాలుగో రాయి మీద వేలు పెట్టి, పదమూడో దెబ్బ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. దెబ్బ పడకపోతే కాలం కూడా గడవదన్నట్టు. తల తిప్పి చూసేసరికి కూన గుంతలో ఉంది, తోక ఎత్తి, నావైపే చూస్తూ.

పెంకు ముక్క పెరట్లో ఉంది. దానికోసం పోతే నాయన తిరిగి చూస్తాడు. గుంతలోకి దిగాను. వట్టి చేతులతో ఎత్తాను. ఇంకా వెచ్చగా ఉంది, వేళ్ల మధ్య నుంచి జారింది. ఎడమ చేతిలోంచి జారింది కుడి చేత్తో పట్టి, పావడ చెరుగులో మూటగట్టి పైకి రాబోతుంటే కడుపులోది నోటికి వచ్చేసింది. ఆ గుంతలోనే, నాయన కాళ్లు పెట్టే చోటనే, తిన్న అన్నమంతా కక్కాను.

పోగుల వెనక నుంచి నాయన గొంతు వచ్చింది.

"ఎంతలో ఆగిపోయింది లెక్క?"

"మూడు నూర్ల పన్నెండు," అన్నాను. ఏడుపు కూడా అసహ్యంగానే వచ్చింది, చీమిడితో.

ఆయన ముడి పూర్తిచేసి వచ్చి, నన్ను రెక్క పట్టుకుని పైకి లాగి, బావి దగ్గరికి తీసుకెళ్లి మోచేతుల దాకా బూడిదతో మూడుసార్లు తోమాడు. గుంతలోది ఆయనే ఎత్తాడు. తోముతున్నప్పుడు, ఎత్తుతున్నప్పుడు, "ఛీ, ఛీ," అంటూనే ఉన్నాడు.

సాయంత్రం కూనకు మళ్లీ బువ్వ పెట్టే వేళకు ఇంకా పందొమ్మిది ముడులు మిగిలి ఉన్నాయి, మగ్గం ఆగే ఉంది. గిన్నె చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

"పెట్టు," అన్నాడు నాయన నావైపు తిరగకుండానే. కూన మూతి ఎత్తగానే, "ఒకటి," అన్నాడు. తర్వాత రెండు. మూడు. మగ్గం తూకానికి, గట్టిగా, చేతులు ముడులు వేస్తుండగా. నూరు దాకా పోయి, పోగు కొస పంటి కింద పట్టాల్సి వచ్చి ఆగితే, రాట్నం దగ్గర నుంచి అమ్మ అందుకుంది. అమ్మ నీళ్ల కడవ దించుకోవడానికి లేస్తే, పక్క గదిలోంచి అవ్వ, "మూడు నూర్ల నాలుగు, మూడు నూర్ల అయిదు, ముండమోపి పిల్లి, మూడు నూర్ల ఆరు," అంటూ పట్టుకుంది. నేను రాళ్లు జరిపాను. ఇల్లంతా గంజి కంపులో కూర్చుని ఒక పిల్లి దొడ్డికి పోవడం కోసం లెక్కపెట్టింది. ఆరు నూర్ల యాభైకి నాయన, "లెయ్ పాపా, వేళయింది," అన్నాడు.

పడుగు దిగిన రోజు సంచి మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్లి తొమ్మిదేళ్లు మా ఇంట్లో ఉంది. తర్వాత ఎలుకలు పట్టింది, పట్టి తలలు మాత్రం నా పక్కబట్టల మీద పెట్టింది, అవి కూడా లెక్కపెట్టాను గానీ ఆ సంఖ్య అన్నం తినేవాళ్ల ముందు చెప్పేది కాదు.

పోయిన నెల ఎమ్మిగనూరు వెళ్లాను. నాయన లేడు, అమ్మా లేదు. ఇల్లు కొనుక్కున్నవాళ్లు ముందు గది నేలంతా నున్నటి టైల్సు పరిచారు. గుంత ఎక్కడుండేదో గోడ నుంచి నాలుగడుగులు కొలుచుకుని నిలబడి చూశాను, కాలికి తేడా తెలియలేదు. కంపు లేదు. అందుకు నాకు బాధ లేదు, ఆ కంపు మళ్లీ రావాలని నేనెన్నడూ కోరను. వీధిలో మా చిన్నప్పుడు ఇరవై రెండు మగ్గాలు. ఇప్పుడు చివరింట్లో ఒక్క కరెంటు మగ్గం ఆడుతోంది. ఆ కిటికీ దగ్గర ఆగి, దాని దెబ్బలు లెక్కపెట్టబోయాను. ఒకటి అనేలోపల మూడు పడుతున్నాయి, పదకొండు దాకా వచ్చి తప్పిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి తొమ్మిది. లోపల మగ్గం దగ్గర మనిషి ఎవరూ కనబడలేదు.