కూర్చోవడం నేర్చుకున్న దర్జీ

వీధి మలుపులో మెట్ల కింద ఒక గది. అందులో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం. ఆ గది యజమాని మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంది. అందుకని వీధి వీధంతా ఆయన్ని టేపు మాస్టారు అంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడైనా దాన్ని తీస్తాడా లేదా అన్నది ఆయన భార్య ఒక్కతే చెప్పగలదు. ఆవిడ చెప్పదు.

నిజానికి ఆ టేపు అలంకారమే. ఆయన కొలతలన్నీ కంటితోనే తీస్తాడు. గుమ్మంలో మనిషి కనబడితే చాలు, నడుమూ భుజమూ చేతి పొడవూ ఆయనకి తెలిసిపోతాయి. "ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారు సార్" అంటాడు. ఎవరూ నొచ్చుకోరు. దర్జీకి ఆ చనువు ఉంటుంది.

ఇంత కన్ను ఉన్న మనిషి సొంత కూతురు చిక్కిపోతుంటే చూడలేదా? చూశాడు. అందరికంటే ముందు చూశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అమ్మాయికి పదహారేళ్ళు. స్కూలు యూనిఫాం నడుము దగ్గర వదులైంది. ఆయన ఆ పూటే ఒక కుట్టు వేసి బిగించాడు. నెల తిరక్కుండా మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించాడు. పిల్ల పొడుగు సాగుతోంది, ఈ వయసులో అంతే అనుకున్నాడు. దర్జీ కూతురు వదులు బట్టల్లో వీధిలోకి వెళితే పరువు ఎవరిది పోతుంది? ఎంత నేర్పుగా కుట్టాడంటే, తల్లికి గానీ స్కూల్లో టీచర్లకి గానీ ఏ తేడా కనబడలేదు. అమ్మాయి ఆ బట్టలు తెచ్చి మిషను మీద పెట్టేది. మర్నాడు అవే వేసుకునేది.

తల్లి బస్ స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక పనిచేస్తుంది. తెల్లవారకముందే వెళుతుంది. స్కూల్లో తిన్నానంటే నమ్మింది. స్నేహితురాలి ఇంట్లో తిన్నానన్నా నమ్మింది. ఒకరోజు అమ్మాయి ఆ స్టేషన్ మెట్ల మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. తల్లి కిటికీ మూసి పరుగెత్తి, పిల్లని రెండు చేతులతో ఎత్తుకుంది. అంత తేలిగ్గా ఎత్తగలిగినందుకు హడలిపోయింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఇది మొండితనం కాదు, జబ్బు అంది. ఈటింగ్ డిజార్డర్ అంటారట.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"ఒక నెల అయ్యుంటుందేమోనండీ" అంది తల్లి.

మాస్టారు గోడ వైపు చూస్తూ, ఏ నెలలో ఎంత బిగించాడో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. మొత్తం ఏడు నెలలు.

"నాతో ఒక్క ముక్క అనాలనిపించలేదా మీకు?" అంది భార్య.

"ఫిట్టింగ్ బాగానే కుదిరింది కదా అని..."

"ఇంటికి పదండి. మీ ఫిట్టింగ్ సంగతి చెబుతాను."

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "తప్పెవరిదని వెతక్కండి. ఇది మీ వల్ల రాలేదు, తన వల్లా రాలేదు. తగ్గించడానికి మాత్రం మీరు కావాలి."

ఏం చెయ్యాలో చెప్పింది. రోజుకి మూడు భోజనాలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. పళ్ళెంలో ఏముండాలో, ఎంత ఉండాలో పెద్దవాళ్ళే చూసుకోవాలి. తినడం అయ్యేదాకా ఒకరు ఎదురుగా కూర్చోవాలి, అయ్యాక ఇంకో అరగంట పక్కనే ఉండాలి. బతిమాలకూడదు, బెదిరించకూడదు. ఒంటి గురించి మాటే రాకూడదు, మెచ్చుకోలు కూడా. వారం వారం డాక్టరమ్మే బరువు చూస్తుంది. ఆరు వారాల్లో మెరుగు కనబడకపోతే వార్డులో చేర్చాల్సిందే.

అమ్మాయి స్కూలు ఆరు వారాలు ఆగింది. తల్లి పని మానడానికి వీల్లేదు కాబట్టి పొద్దుటి పూటా మధ్యాహ్నమూ మాస్టారి వంతుకొచ్చాయి.

"రోజంతా కూర్చునే మనిషేగా మీరు. ఇంకాస్త కూర్చోండి" అంది భార్య.

ఆయన కూర్చునేది మిషను ముందు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో బల్ల దగ్గర కుదురుగా తిన్నది ఎన్నిసార్లో ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒక చెయ్యి సరిపోయింది.

పైగా, ఎదురుగా కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడాలి. ఆయన దగ్గరున్న కబుర్లన్నీ జనం నడుముల గురించే. మొదటి రోజు రాత్రి భోజనానికి ముగ్గురూ కూర్చున్నారు.

"ఆ మందుల షాపాయన లేడూ, పొట్ట ఎంత..." అని మొదలుపెట్టాడు. బల్ల కింద భార్య కాలు తగిలింది. "అబ్బా!"

"ఏమైంది నాన్నా?"

"చీమ."

"బూట్లు వేసుకున్న చీమ అయ్యుంటుంది" అంది అమ్మాయి పళ్ళెంలోకి చూస్తూ.

మర్నాడు పేపర్లో వాతావరణం చదివి వినిపించాడు. ఆ తర్వాత, మిషను అడుగున తిరిగే షటిల్ పైదారాన్ని ఎలా పట్టుకుంటుందో చెప్పాడు. ఆ పైరోజూ అదే చెప్పాడు.

"నాన్నా, ఇది నిన్న చెప్పావు."

"నిన్న సగమే చెప్పాను తల్లీ."

కొన్ని పూటలు తినేది. కొన్ని పూటలు గుడ్డుని రొట్టె కింద దాచేది. ఏడ్చేది. "నన్ను మేపుతున్నారు మీరు" అని అరిచేది. ఆయన డాక్టరమ్మ నేర్పిన మాటలే అనేవాడు. "కష్టంగా ఉందని తెలుసు. ఇంకో ముద్ద తిను. నేనెక్కడికీ పోను." మొదట్లో చిలక పలికినట్టు పలికేవాడు. అయినా పలికేవాడు.

మూడో వారం నోరు జారాడు. ఆ పూట పిల్ల అంతా తినేసింది. సంతోషం పట్టలేక, "హమ్మయ్య, బుగ్గలు తేరుకున్నాయి" అన్నాడు.

అమ్మాయి చెంచా కింద పెట్టేసింది. తర్వాత రెండు రోజులు ముద్ద ముట్టలేదు, పాలే తాగింది. పోయిన వారం పెరిగిన బరువు ఈ వారం పోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"అది నా తప్పు. నీ ముఖం గురించి ఇంక మాట్లాడను. పళ్ళెం మాత్రం వేళకి వస్తుంది."

అయిదో వారం. మధ్యాహ్నం. హోటల్ మేనేజరు తన పనివాళ్ళకి కుట్టమని ఇచ్చిన పద్దెనిమిది యూనిఫాంల కోసం వచ్చాడు. చాలా పాత ఖాతాదారు. షాపులో ఎవరూ లేకపోయేసరికి, షాపుకీ ఇంటికీ మధ్యనున్న పరదా తప్పించుకుని వంటింట్లోకే వచ్చి, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రాత్రి తిండి మానేశాను మాస్టారూ. నడుమెంత తగ్గిందో చూసి చెప్పండి. మీ కన్ను తప్పదుగా!"

అమ్మాయి చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

మాస్టారు జన్మలో ఖాతాదారుకి ఎదురు చెప్పిన మనిషి కాదు. అయినా అన్నాడు.

"సార్, ఈ బల్ల దగ్గర ఆ మాట వద్దు."

"ఏ మాట?"

"తగ్గడం, పెరగడం. షాపులో కూర్చోండి. అమ్మాయి తినడం అయ్యాక వస్తాను."

"ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపైతే అంతసేపు."

"సాయంత్రం మావాళ్ళు ఏం వేసుకోవాలి మరి?"

"నిన్నటివి."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళాడు. పరదా కాసేపు ఊగి ఆగింది.

"ఆయనకి కోపం వచ్చింది నాన్నా."

"రానీ."

"వేరే దర్జీ దగ్గరికి పోతే?"

"పోనీ. చంకల్లో పట్టేస్తే తిరిగొస్తాడు."

ఆమె పళ్ళెం వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా తగ్గాడా?"

ఎంత తగ్గాడో ఆయనకి పావంగుళంతో సహా తెలుసు.

"చూళ్ళేదు" అన్నాడు.

"అబద్ధం."

"అబద్ధమే. తిను."

చాలాసేపటికి చెయ్యి కదిలింది. పళ్ళెం ఖాళీ కావడానికి యాభై నిమిషాలు పట్టింది. పాలు సగం గ్లాసు దగ్గర ఆగాయి. పరదా అవతల మేనేజరు రెండుసార్లు దగ్గాడు. మాస్టారు అటు తిరగలేదు. ఆమె ఏడుస్తూ మిగతా పాలు తాగి, మోచేత్తో ముఖం తుడుచుకుంది.

"ఇంకా అరగంట ఉంది" అన్నాడు.

"తెలుసు. ఆ యూనిఫాంలకి ఇంకా ఏం మిగిలాయి?"

"బొత్తాలు."

"తీసుకురా. ఇద్దరం కుడదాం. షటిల్ గురించి మాత్రం చెప్పకు."

ఆరో వారం డాక్టరమ్మ వార్డు మాట ఎత్తలేదు. మెరుగు కనబడుతోందనీ, ఇంకా చాలా దూరం వెళ్ళాలనీ అంది. తల్లి ఏదో అడగబోయింది. మాస్టారు గోడ గడియారం చూసి, అమ్మాయి భోజనం వేళయిందని లేచాడు.