చదివి వినిపించే పని

మా మేడం పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. గోదావరిఖనిలో మాకు పీజీలో సోషియాలజీ చెప్పిన మేడం. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు గుండె దడదడలాడింది. బతికున్నప్పుడు ఆమె నా పేరు పిలిచినా అంతే అయ్యేది.

క్లాసులో ఎవరైనా "సమాజంలో..." అని మొదలుపెడితే చాలు, "ఏ సమాజం? ఏ గల్లీ?" అని ఆపేసేవారు. జవాబు చెప్పేదాకా వదిలేవారు కాదు. మాలో సగం మందికి ఆమె అంటే కోపం. ఆ కోపంతోనే బాగా చదివాం.

ఆమె పెట్టిన నియమం ఒకటుంది. ఇళ్లకు వెళ్లి అడిగి రాసిన ప్రాజెక్టును యూనివర్సిటీకి ఇచ్చే ముందు, చెప్పినవాళ్ల ఇంట్లోనే కూర్చుని చదివి వినిపించాలి. "వాళ్లు వద్దన్నది తీసెయ్యాలె. డిగ్రీ నీది, బతుకు వాళ్లది" అనేవారు.

బొగ్గు గనిలో పనిచేసే తండ్రి ఆరోగ్యం చెడి డాక్టర్లు అన్‌ఫిట్ అంటే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. ఆ ఎదురుచూపు ఇంట్లో మనుషుల్ని ఏం చేస్తుందన్నదే నా ప్రాజెక్టు. ఒక ఇంట్లో తండ్రి దగ్గు గురించి, ఆయన ముందే, కొడుకు ఒక జోకు వేశాడు. అందరూ నవ్వారు. తండ్రి కూడా. నా ప్రాజెక్టంతా ఆ మాట మీదే నిలబెట్టాను. అదేమిటో ఇక్కడ రాయను.

తెల్లారితే ప్రాజెక్టు ఇవ్వాలి. "ఆ ఒక్క ఇంట్లో చదవడం వదిలేద్దాం మేడం" అని బతిమాలాను.

"అయితే ఆ ఇంటికే ముందు పోదాం పా" అన్నారు.

కొడుకు కూలిపనికి వెళ్లాడు. నేను కాక అని పిలిచే ఆ తండ్రి మంచం మీద కూర్చున్నాడు, ఆయన భార్య పెద్దమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"గట్లన్నడా వాడు?"

"అన్నడు కాక. నువ్వు గూడ నవ్వినవ్."

"నవ్విన. నవ్వక ఏం చెయ్యాలె?" దగ్గు తెర వచ్చింది. అది ఆగాక అన్నాడు, "రేపు నేనుండ. నా నౌకరి చేస్కుంట వాడు గిది చదువుతడు. ఎట్ల తట్టుకుంటడు? తియ్యి బిడ్డా."

మేడం ఒక్క మాట సాయం చేస్తారేమోనని చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ నిమిషం ఆమెను ద్వేషించాను. మంచి మార్కులన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయని తెలిసి కూడా చింపి ఇచ్చాను.

పెద్దమ్మ దాన్ని బొగ్గు పొయ్యిలో పెట్టింది. మంట ఒక్కసారి లేచింది. ఆ మంట మీదే టీ కాగింది. మేడం టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, కాక పక్కనే మంచం మీద కూర్చుని, చివరి గుక్క దాకా తాగారు.